మిడ్‌వెస్ట్ పల్లెటూరి ముత్తవ్వ పుట్టింటి పేరు కనుక్కోవడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. కోడలో అల్లుడో అయోవా, ఒహాయో, మిన్నెసోటా పల్లెల నుంచి వచ్చినవాళ్లు. మనవరాలు వంశవృక్షం రాయాలని కూర్చుంది. అటువైపు ముత్తాత పేరు, పొలం, పుట్టిన తేదీ ఒక్క పూటలో దొరికాయి. ముత్తవ్వ దగ్గరికి వచ్చేసరికి "మేరీ" అన్న రెండక్షరాలు తప్ప ఏమీ లేదు. ఆమె ఎవరి కూతురో, ఏ ఊరి ఆడపడుచో చెప్పగలిగేవాళ్లు లేరు.

దొరకదని వదిలేయకండి. పొలం పనీ ఇంటి పనీ చేసుకుంటూ బతికిన సామాన్య స్త్రీ తన గురించి తాను రాసుకోకపోవచ్చు. కానీ భూమి అమ్మినప్పుడు, తండ్రి చనిపోయి ఆస్తి పంచినప్పుడు, బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు, భర్త పోయాక పింఛను అడిగినప్పుడు ఎవరో ఒకరు ఆమె పేరు రాయక తప్పలేదు. ఆ కాగితాలు ఆమె పేరు మీద ఉండవు, చుట్టూ ఉన్న మగవాళ్ల పేర్ల మీద ఉంటాయి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం దారి తెలిసినట్టే.

మిడ్‌వెస్ట్ అంటే అక్కడి జనాభా లెక్కల శాఖ ప్రకారం 12 రాష్ట్రాలు: ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, మిస్సోరీ, కాన్సస్, నెబ్రాస్కా, ఉత్తర డకోటా, దక్షిణ డకోటా. ఈ వ్యాసం వీటికే పరిమితం.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- ఆమె చివరి రోజుల్లో ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు. రాష్ట్రం ఒక్కటే తెలిస్తే చాలదు, ఎందుకంటే పాత దస్తావేజులు కౌంటీ కచేరీల్లోనే ఉంటాయి.
- భర్త పూర్తి పేరు, పిల్లలందరి పేర్లు. పసితనంలో పోయినవాళ్లతో సహా.
- ఇంట్లో ఉన్న బైబిల్, ఫోటోల వెనుక రాతలు, పాత ఉత్తరాలు. చాలా ఇళ్లలో పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు బైబిల్ మధ్య పేజీల్లో రాసుకునేవారు.
- వంశ చరిత్ర రికార్డుల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచిత ఖాతా. అలాంటిదే మరో సైటు యాన్సెస్ట్రీకి డబ్బు కట్టాలి. అయితే అమెరికాలో చాలా ఊళ్ల గ్రంథాలయాలు దాన్ని ఉచితంగా వాడుకోనిస్తాయి. ముందు అక్కడ అడగండి.
- ఒక నోటు పుస్తకం. ఏ రికార్డులో, ఏ పేజీలో, ఏ పేరుతో వెతికారో, ఏమి దొరకలేదో కూడా రాయాలి. దొరకనివి రాసుకోకపోతే మూడు నెలల తర్వాత మళ్లీ అక్కడే వెతుకుతారు.

ఇంకొకటి: ఇంట్లో ఎనభై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే కంప్యూటర్ తెరవకముందే వాళ్లకు ఫోను చేయండి. రికార్డులు ఎక్కడికీ పోవు.

1. మరణం నుంచి వెనక్కి నడవండి

ఆమె పుట్టుక కోసం వెతకడంతో మొదలుపెట్టకండి. మరణ ధ్రువపత్రం సంపాదించండి. ఇరవయ్యో శతాబ్దపు ధ్రువపత్రంలో సాధారణంగా తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, వాళ్లు పుట్టిన చోటు అడిగే గళ్లు ఉంటాయి.

రాష్ట్రాన్ని బట్టి నమోదు మొదలైన ఏడాది మారుతుంది. మిషిగన్‌లో 1867 నుంచి, అయోవాలో 1880 నుంచి, ఒహాయోలో రాష్ట్ర స్థాయిలో 1908 చివరి నుంచి, మిస్సోరీలో 1910 నుంచి, కాన్సస్‌లో 1911 నుంచి ఉన్నాయి. ఒహాయోలో అంతకుముందు 1867 నుంచి కౌంటీ ప్రొబేట్ కోర్టులు (వీలునామాలు, వారసత్వ ఆస్తుల వ్యవహారాలు చూసేవి) జననాలు, మరణాలు రాసేవి. మిస్సోరీలో 1910 తర్వాతవి, 50 ఏళ్లు దాటినవి రాష్ట్ర ఆర్కైవ్స్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. తొలి ఏళ్లలో ఎక్కడైనా సరే నమోదు చేయించనివాళ్లు చాలామంది ఉన్నారు.

జాగ్రత్త: ధ్రువపత్రం కింద వివరాలు చెప్పిన మనిషి పేరు ఉంటుంది. చెప్పింది భర్తా, కూతురా, అల్లుడా అన్నది తప్పకుండా చూడండి. దుఃఖంలో ఉన్న అల్లుడికి అత్తగారి తల్లి పుట్టింటి పేరు గుర్తుండాలని ఏముంది? ఆ గడిలో ఉన్నది సాక్ష్యమే, తీర్పు కాదు.

ఆమె ధ్రువపత్రం దొరకకపోయినా, అందులో తల్లిదండ్రుల గళ్లు ఖాళీగా ఉన్నా పిల్లల కాగితాలు తెప్పించండి. అన్నిటికన్నా ఎక్కువమందికి ఫలితం ఇచ్చేది ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే. ప్రతి బిడ్డ మరణ ధ్రువపత్రంలోనూ, చాలాచోట్ల పెళ్లి రికార్డులోనూ తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. 1936 చివరి నుంచి సోషల్ సెక్యూరిటీ (కేంద్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను పథకం) నంబరు కోసం పెట్టుకున్న దరఖాస్తుల్లో తల్లి పెళ్లికి ముందు పేరు రాయాలి. సొంత సేద్యం చేసుకునే రైతులు ఆ పథకంలోకి 1955లో గానీ రాలేదు కాబట్టి మీ ముత్తవ్వకు ఆ నంబరే ఉండకపోవచ్చు. పట్నంలో ఉద్యోగానికి వెళ్లిన ఆమె కొడుక్కి ఉంటుంది. ఆరుగురు పిల్లలుంటే ఆరు కాగితాలూ తెప్పించండి. అయిదింటిలో ఒకే పేరు వచ్చి ఆరో దానిలో వేరే పేరు వస్తే ఏది నమ్మాలో మీకే తెలుస్తుంది.

2. మరణ వార్తను భర్త పేరుతో వెతకండి

పల్లె పట్టణాల వారపత్రికలు సామాన్యుల మరణ వార్తలు విపులంగా వేసేవి. ఎక్కడ పుట్టింది, ఏ ఏడు ఈ కౌంటీకి వచ్చింది, బతికున్న అన్నదమ్ములెవరు, అక్కచెల్లెళ్లు ఏ ఊళ్లో ఉన్నారు అన్నీ ఉంటాయి. ఆ అన్నదమ్ముల ఇంటిపేరే ఆమె పుట్టింటి పేరు.

ఆమె పేరుతో వెతికితే మాత్రం దొరకకపోవచ్చు. పత్రికల్లో పెళ్లయిన స్త్రీని "మిసెస్" అని చెప్పి పక్కన భర్త పేరు పెట్టేవారు. కాబట్టి భర్త పేరు, భర్త పొడి అక్షరాలు, ఒట్టి ఇంటిపేరు, ఇలా మూడు రకాలుగా వెతకండి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారి పాత పత్రికల ఇంటర్నెట్ సేకరణ క్రానిక్లింగ్ అమెరికా ఉచితం. ఇల్లినాయ్, మిన్నెసోటా, ఇండియానాలకు సొంత ఉచిత పత్రికా భాండాగారాలున్నాయి. అక్కడ లేని పత్రిక ఆ ఊరి గ్రంథాలయంలో మైక్రోఫిల్ము మీద ఉండే అవకాశం ఎక్కువ. మరణ తేదీ చెప్పి మర్యాదగా ఉత్తరం రాస్తే వెతికి పంపే గ్రంథాలయాలు ఇప్పటికీ ఉన్నాయి.

మరణ వార్తతో ఆగకండి. ఊరి కబుర్ల శీర్షికలో "ఫలానావారి భార్య కాన్సస్‌లో ఉన్న తమ్ముణ్ని చూడడానికి వెళ్లారు" వంటి ఒక్క వాక్యం, ఏళ్ల తరబడి మూసుకుపోయిన దారిని తెరుస్తుంది.

3. జనాభా లెక్కలను ఒక్కో పదేళ్లు వెనక్కి చదవండి

వ్యక్తుల వివరాలు 72 ఏళ్లపాటు గోప్యంగా ఉంటాయి. 1950 లెక్కలు 2022 ఏప్రిల్ 1న బయటకు వచ్చాయి, 1960వి 2032లో వస్తాయి. అందుకని 1950తో మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా వెనక్కి వెళ్లండి.

ఏ ఏడులో ఏముంటుందో తెలిస్తే పని తేలిక. 1850కి ముందు ఇంటి యజమాని పేరే రాసేవారు. మిగతావాళ్లంతా అంకెలు మాత్రమే. 1850 నుంచి స్వేచ్ఛలో ఉన్న ప్రతి మనిషి పేరూ ఉంటుంది. బానిసత్వంలో ఉన్న నల్లజాతి స్త్రీల పేర్లు మాత్రం సాధారణంగా 1870లో గానీ కనిపించవు. యజమానికి ఏమవుతారన్నది 1880 నుంచి రాశారు. 1890 లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కొన్ని కాలిపోయాయి, మిగిలినవాటిని తర్వాత ధ్వంసం చేశారు. పల్లెటూరి ఆడపిల్ల జీవితంలో ఆ ఖాళీ చాలా నష్టం చేస్తుంది: 1880లో తండ్రి ఇంట్లో పదేళ్ల పిల్లగా ఉన్నది 1900 నాటికి వేరే ఇంటిపేరుతో నలుగురు పిల్లల తల్లిగా కనిపిస్తుంది. మధ్యలో ఏమీ ఉండదు.

ఆ ఖాళీని పూడ్చడానికి రాష్ట్రాలు విడిగా తీసుకున్న లెక్కలున్నాయి. అయోవా 1885, 1895, 1905, 1915, 1925లో తీసింది. మిన్నెసోటాకు 1885, 1895, 1905 ఉన్నాయి. కాన్సస్‌కు, నెబ్రాస్కాకు 1885 ఉంది. వీటన్నిటిలోకీ అయోవా 1925 లెక్క నిధి లాంటిది: తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా అడిగారు. ఆ ఏడు ఆమె అయోవాలో బతికి ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి.

ఇక 1900 వరుస ఎలా చదవాలో చూద్దాం. ఇలా ఉందనుకోండి: భార్య, పుట్టినది 1868 మార్చి, పెళ్లయి 9 ఏళ్లు, కన్న పిల్లలు 4, బతికున్నవాళ్లు 3. ఇంట్లో పిల్లలు మాత్రం అయిదుగురు, వయసులు 15, 12, 7, 5, 2. పెళ్లయి తొమ్మిదేళ్లయితే పదిహేనేళ్ల బిడ్డ ఎక్కడి నుంచి వచ్చాడు? బతికున్నవాళ్లు ముగ్గురే అంటోంది కాబట్టి చిన్నవాళ్లు ముగ్గురే ఆమె పిల్లలు. ఒక బిడ్డ పోయింది. పెద్దవాళ్లిద్దరూ భర్త మొదటి భార్య పిల్లలు కావాలి. మీ కోడలు ఆ పదిహేనేళ్ల అబ్బాయి మునిమనవరాలైతే మీరు వెతకవలసింది ఈమె కోసం కాదు, 1890 దరిదాపుల్లో చనిపోయిన మరో స్త్రీ కోసం. రెండో భార్య పుట్టింటివాళ్లను మొదటి భార్యకు అంటగట్టిన వంశవృక్షాలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. ఈ గళ్లు 1900, 1910లలో రెండింటిలోనూ ఉన్నాయి. అంత చక్కని సాక్ష్యాన్ని చూడకుండా పేజీ తిప్పకండి.

1940 పేజీలో ఒక పేరు పక్కన సున్నా చుట్టిన చిన్న గుణకారపు గుర్తు ఉంటుంది. ఇంటింటికీ వచ్చి లెక్కలు రాసుకున్న ఉద్యోగికి జవాబులు చెప్పింది ఆ మనిషే.

పనిలో పనిగా 1850 నుంచి 1880 వరకు తీసిన వ్యవసాయ లెక్కలు కూడా చూడండి. భర్త పేరు మీదే ఉంటాయి. కానీ ఆ ఏడు ఇంట్లో ఎన్ని పౌనుల వెన్న తీశారో అందులో ఒక గడి ఉంది. 1880లో గుడ్ల లెక్క కూడా ఉంది. ఆ వెన్నా ఆ గుడ్లూ చాలావరకు ఆడవాళ్ల చేతి పని. జనాభా లెక్కల్లో ఆమె వృత్తి దగ్గర "ఇల్లు చూసుకుంటోంది" అని రాసి ఊరుకున్న కాలంలో, ఆమె శ్రమకు అంకెలు దొరికే అరుదైన చోటు అది. పుట్టింటి పేరు దొరకదు గానీ ఆమె దొరుకుతుంది.

4. పెళ్లి రికార్డు

పెళ్లి సాధారణంగా పెళ్లికూతురి కౌంటీలో జరిగేది. మొదటి బిడ్డ పుట్టిన చోటుకు చుట్టూ ఉన్న కౌంటీలన్నీ వెతకండి. లైసెన్సు, దరఖాస్తు, పెళ్లి చేసిన పాస్టరు తిప్పి పంపిన కాగితం విడివిడిగా ఉండవచ్చు, అన్నీ అడగండి. పెళ్లికూతురికి వయసు చాలకపోతే తండ్రి సమ్మతి పత్రం ఉంటుంది. సాక్షుల్లో చాలాసార్లు అన్నో అక్కో ఉంటారు.

జాగ్రత్త: పెళ్లికూతురి పేరు ముందు "మిసెస్" అని ఉంటే ఆమె అప్పటికే వితంతువో విడాకులు తీసుకున్నదో అయి ఉంటుంది. అక్కడ కనిపించేది పుట్టింటి పేరు కాదు, మొదటి భర్త ఇంటిపేరు.

5. ఇరుగుపొరుగును రాసుకోండి

పుట్టింటి పేరు ఇంకా తెలియకపోతే, పెళ్లయిన తర్వాత వచ్చిన మొదటి లెక్కల్లో ఆ ఇంటికి ముందు పది ఇళ్లు, వెనుక పది ఇళ్లు రాసుకోండి. పల్లెల్లో పిల్లలు పొరుగు పొలాల వాళ్లనే చేసుకునేవారు. కూతురి పొలం పక్కనే తండ్రి పొలం ఉండడం మామూలు. ఆ ఇళ్లలో పదేళ్ల కిందటి లెక్కల్లో సరిపోయే వయసు, అదే పేరు ఉన్న ఆడపిల్ల ఎవరింట్లో ఉందో చూడండి. ఆమె ఇంట్లో ఉంటున్న ముసలమ్మ ఇంటిపేరు వేరుగా ఉంటే ఇంకా శ్రద్ధగా చూడండి, వితంతువైన తల్లి కావచ్చు. కౌంటీల ప్లాట్ మ్యాపుల్లో ఎవరి పొలం ఎక్కడో యజమానుల పేర్లతో సహా ఉంటుంది.

6. కోర్టు, భూమి, పింఛను కాగితాలు

చాలామంది ఇక్కడిదాకా రారు. నా దృష్టిలో అసలు సాక్ష్యం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆస్తి పంపకంలో కూతురి పేరు తప్పుగా రాస్తే ఆ రోజుల్లోనే గొడవయ్యేది.

అనుమానం ఉన్న తండ్రి పేరుతో ప్రొబేట్ దస్త్రం తీయండి. వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే వారసుల జాబితా ఉంటుంది. కూతుళ్లను పెళ్లయిన పేర్లతో, ఉన్న ఊళ్లతో రాస్తారు. తర్వాత దస్తావేజులు. తండ్రి పోయాక పొలం అమ్మేటప్పుడు పిల్లలందరూ, వాళ్ల భార్యలూ భర్తలూ కలిసి సంతకాలు పెట్టాలి. "మేరీ, ఆమె భర్త ఫలానా" అన్న వరుస ఆ దస్తావేజులో కనబడిందంటే తండ్రీ కూతుళ్ల బంధం రుజువైనట్టే. మామూలు అమ్మకాల్లో కూడా భార్య సంతకం ఉంటుంది, భర్త భూమిలో ఆమెకు హక్కు ఉండేది కాబట్టి. పంతొమ్మిదో శతాబ్దంలో చాలా రాష్ట్రాల్లో అధికారి ఆమెను భర్త ఎదుట లేకుండా విడిగా అడిగి, ఇష్టపూర్వకంగానే సంతకం పెడుతున్నానని చెప్పించుకుని దస్తావేజు చివర రాసేవాడు. సంతకం బదులు గుర్తు పెట్టి ఉంటే ఆమెకు రాయడం వచ్చి ఉండకపోవచ్చు.

పాత సూచికల్లో అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల పేర్లే ఉంటాయి, మధ్యలో వచ్చే ఆడవాళ్ల పేర్లు ఉండవు. ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్‌లో చేతిరాత దస్తావేజుల పూర్తి పాఠాన్ని కంప్యూటర్ చదివి వెతికే సౌకర్యం వచ్చింది. ఆమె పేరు, భర్త పేరు, కౌంటీ ఇచ్చి అందులో తప్పక వెతకండి. కొన్ని దస్తావేజుల బొమ్మలు ఇంట్లో తెరుచుకోవు, ఫ్యామిలీసెర్చ్ కేంద్రాల్లోనో అనుబంధ గ్రంథాలయాల్లోనో చూడాలి.

ఆమె ఒంటరిగానో వితంతువుగానో నెబ్రాస్కా, డకోటాల వైపు వెళ్లి ఉంటే 1862 హోమ్‌స్టెడ్ చట్టం గుర్తు చేసుకోండి. 21 ఏళ్లు నిండిన పెళ్లికాని స్త్రీలు, కుటుంబ పెద్దలైన వితంతువులు 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి కోరగలిగేవారు. అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేసినట్టు పొరుగువాళ్ల సాక్ష్యంతో నిరూపించాల్సి ఉండేది. పట్టా వివరాలు కేంద్ర భూ నిర్వహణ శాఖ వెబ్‌సైటులో ఉచితం. పూర్తి దస్త్రం నేషనల్ ఆర్కైవ్స్ నుంచి తెప్పించుకోవాలి.

భర్త అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది రాష్ట్రాల తరఫున పోరాడి ఉంటే వితంతు పింఛను దస్త్రం సైనికుడి పేరుతో వెతకండి. పింఛను రావాలంటే పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో జరిగిందో ఆమె నిరూపించాలి. పెళ్లికి వచ్చినవాళ్లు, పురుడు పోసినవాళ్లు ఇచ్చిన ప్రమాణ పత్రాలు అందులో ఉంటాయి. ఆమె గొంతు వినిపించే కాగితం ఇంతకన్నా వేరే దొరకడం కష్టం.

7. చర్చి పుస్తకాలు, సముద్రం అవతలి ఊరు

మిడ్‌వెస్ట్ పల్లెల్లో జర్మన్, నార్వేజియన్, స్వీడిష్ లూథరన్ చర్చిలు, కాథలిక్ చర్చిలు చాలా ఉన్నాయి. బాప్తిస్మం పుస్తకంలో సాక్షులుగా నిలబడినవాళ్లు చాలాసార్లు తల్లి తోబుట్టువులు. కొన్ని చోట్ల పెళ్లి, చేరిక నమోదుల్లో పాత దేశంలోని ఊరి పేరు కూడా ఉంటుంది. అది తెలియకుండా నార్వేలోనో జర్మనీలోనో వెతకడం వృథా.

నార్వే, స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్ పాత చర్చి పుస్తకాలను ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంచాయి. అక్కడ స్థిరమైన ఇంటిపేరు ఉండకపోవచ్చు. తండ్రి పేరుకు కూతురన్న అర్థమిచ్చే చివర కలిపి పిలిచేవారు, నార్వేలో పొలం పేరు కూడా పక్కన చేరేది. పొలం మారితే ఆ పేరూ మారేది. జర్మన్ పుస్తకాల్లో స్త్రీ ఇంటిపేరు చివర "ఇన్" చేరి ఉంటుంది, దాన్ని తీసేసి చదవాలి. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో నార్వేజియన్ కుటుంబాల కోసం, ఇల్లినాయ్‌లోని రాక్ ఐలాండ్‌లో అగస్టానా కళాశాల దగ్గర స్వీడిష్ వలసల కోసం ప్రత్యేక పరిశోధన కేంద్రాలున్నాయి.

1922కు ముందు ఆమె పౌరసత్వ కాగితాల కోసం ఎక్కువ శ్రమపడకండి. అప్పటిదాకా భార్య పౌరసత్వం భర్త వెంటే నడిచేది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఇంటర్నెట్‌లో ఇతరులు పెట్టిన వంశవృక్షాన్ని కాపీ చేసుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఇరవై వృక్షాల్లో ఒకే పేరు ఉందంటే ఇరవై సాక్ష్యాలున్నట్టు కాదు, ఒకరిని చూసి మిగతావాళ్లు ఎక్కించుకుని ఉండవచ్చు.

ముద్దుపేర్లు తెలియకపోవడం మరొకటి. మేరీని పాలీ, మాలీ అనేవారు. మార్గరెట్‌ను పెగ్గీ, సారాను శాలీ, మార్తాను ప్యాటీ, ఎలిజబెత్‌ను బెట్సీ, లిజీ, లిబీ అనేవారు. ఒక లెక్కలో శాలీ, పదేళ్లకు సారా కనబడితే ఇద్దరనుకోకండి.

న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే కేంద్రమైన ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు పేరు మార్చేశారన్న కథ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అక్కడి గుమాస్తాలు ఓడ బయలుదేరిన రేవులో తయారైన జాబితాలను చూసుకునేవారు. పేరు సాధారణంగా తర్వాత, ఊళ్లో స్థిరపడ్డాక మెల్లగా మారింది. ఆ కేంద్రం తెరిచిందే 1892లో, అంతకుముందు వచ్చినవాళ్లను అక్కడ వెతకడం అనవసరం.

కౌంటీల సరిహద్దులు మారాయి. ఆమె ఇల్లు కదలకుండానే రెండు కౌంటీల్లో బతికి ఉండవచ్చు. ఆ ఏడు ఆ పొలం ఏ కౌంటీలో ఉందో చూసి అక్కడి కచేరీకే రాయండి.

సరైన మనిషే దొరికిందని ఎలా తెలుస్తుంది?

ఆమె జీవితాన్ని ఏడాది వారీగా ఒక కాగితం మీద రాయండి: ఏడు, ఊరు, వయసు, ఆ సంగతి ఎక్కడిది. వయసు లెక్కల్లో రెండు మూడేళ్లు అటూ ఇటూ అయితే ఫరవాలేదు, పదేళ్లయితే ఇద్దరు స్త్రీలు కలిసిపోయారేమో చూడండి. పన్నెండేళ్లకో యాభై అయిదేళ్లకో బిడ్డను కన్నట్టు వస్తే ఎక్కడో తప్పు ఉంది. మీకు దొరికిన పిల్లల సంఖ్య, 1900లో, 1910లో ఆమె చెప్పుకున్న సంఖ్యతో కలవాలి. కలవకపోతే శ్మశానంలో చిన్న రాళ్ల కోసం, సమాధుల ఫోటోలు పెట్టే ఫైండ్ ఎ గ్రేవ్ వెబ్‌సైటులో చూడండి. అక్కడ రాయి ఫోటోను నమ్మండి, కింద ఎవరో జోడించిన బంధుత్వాలను నమ్మకండి.

పుట్టింటి పేరు విషయంలో కనీసం రెండు సాక్ష్యాలు కావాలి, ఆ రెండూ వేర్వేరు మనుషులు చెప్పినవై ఉండాలి. ఒకే కూతురు చెప్పగా రాసిన మరణ ధ్రువపత్రం, మరణ వార్త కలిపి ఒక్క సాక్ష్యమే. తండ్రి ప్రొబేట్ దస్త్రంలో ఆమె పేరు, ఆమె కొడుకు సోషల్ సెక్యూరిటీ దరఖాస్తులో ఆ ఇంటిపేరు కలిసి వస్తే నిశ్చింతగా రాసుకోవచ్చు.

డీఎన్ఏ పరీక్ష చివర్లో పెట్టుకోండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లతో చేయిస్తే ఉపయోగం ఎక్కువ, ఎందుకంటే వాళ్లు ఆమెకు ఒక తరమో రెండు తరాలో దగ్గర. మీరు ఊహించిన పుట్టింటి కుటుంబపు వారసులు దగ్గరి బంధువులుగా వస్తే కాగితాలకు బలం చేకూరుతుంది. పరీక్షకు ముందే వాళ్లకు ఒక మాట చెప్పాలి: దత్తతలు, దాచిన పుట్టుకలు బయటపడవచ్చు. వద్దంటే బలవంతం చేయకండి.

వృక్షం గీసేటప్పుడు రుజువైనవి సిరాతో, అనుమానమున్నవి పెన్సిల్‌తో రాయమని మనవరాలికి చెప్పండి. ఇంటర్నెట్‌లో పెట్టేటట్లయితే బతికున్నవాళ్ల పేర్లు, తేదీలు తీసేసి పెట్టండి. ఆమె పుట్టింటి గడి ఇప్పటికి పెన్సిల్‌తోనే ఉన్నా పరవాలేదు. కౌంటీల దస్త్రాలు నెల నెలా కొత్తగా ఇంటర్నెట్‌లోకి వస్తున్నాయి, ఆరు నెలలకోసారి అదే భర్త పేరు, అదే కౌంటీ పెట్టి మళ్లీ వెతకండి.